తొమ్మిదేళ్లకే ఎంపికలా? హాకీ కెనడా బోర్డుకు బహిరంగ లేఖ



నేను అంటారియోలోని బ్రాంప్టన్‌లో ఉంటాను. మా పిల్లలిద్దరూ మీ సంస్థలో నమోదై ఐస్ హాకీ ఆడుతున్నవాళ్లే. ట్రైఅవుట్ల (జట్టు ఎంపిక పరీక్షల) రోజుల్లో అరీనా లాబీలో నమోదు బల్ల దగ్గర వాలంటీరుగా కూర్చుంటాను. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి పంపుతున్నాను. తెలుగులోనూ అచ్చుకు ఇవ్వడానికి కారణం ఉంది. బ్రాంప్టన్, మిసిసాగా, మిల్టన్ ఊళ్లలో మా తెలుగువాళ్ల పిల్లలు కూడా ఇప్పుడు స్కేట్లు కట్టుకుంటున్నారు. కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు నన్ను మొట్టమొదట అడిగేది, "ఇంత చిన్నపిల్లలకు ట్రైఅవుట్లేమిటండీ?" అని. వాళ్లకు జవాబు చెప్పాల్సింది నేను కాదు, మీరు.

నేను కోరేది ఇదీ. తొమ్మిదేళ్లలోపు పిల్లల విషయంలో మీరు ఒప్పుకున్న సంగతిని పదేళ్ల పిల్లల దాకా వర్తింపజేయండి. ఆ వయసులో పిల్లలను ఎంపిక చేయడం కాదు, అందరినీ ఆడించి పెంచడమే మన పని అని నియమం రాయండి.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. మన బడి మైదానాల్లో చూసే హాకీ కాదిది. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉన్న మంచు మీద గోలీ (గోల్‌కీపర్)తో కలిపి జట్టుకు ఆరుగురు దిగుతారు. ముప్పావు నిమిషం ఊపిరి సలపకుండా ఆడి బెంచీకి వచ్చేస్తే వాళ్ల చోట్లో ఇంకొకరు దూకుతారు. పిల్లలను పుట్టిన సంవత్సరాన్ని బట్టి యూ-7, యూ-9, యూ-11, యూ-13 అని తరగతులుగా విడదీస్తారు. జనవరి ఒకటిన పుట్టినా డిసెంబరు 31న పుట్టినా ఒకే తరగతి. ఒక్కో వయసులో మళ్లీ మెట్లున్నాయి. అందరికంటే పైన ట్రిపుల్ ఏ, తర్వాత డబుల్ ఏ, సింగిల్ ఏ, అన్నిటికన్నా కింద హౌస్ లీగ్. హౌస్ లీగ్‌లో ఫీజు కట్టిన ప్రతి పిల్లకూ చోటుంటుంది. పై మెట్లు ఎక్కాలంటే మాత్రం ట్రైఅవుట్ గట్టెక్కాలి. మా టొరంటో ప్రాంతంలో ఈ మెట్ల వ్యవహారం ఎనిమిది తొమ్మిదేళ్లకే మొదలవుతుంది.

2017లో మీరు ఒక మంచి పని చేశారు. అయిదారేళ్ల పిల్లలను మొత్తం మైదానం మీద ఆడించకూడదని, మంచును అడ్డంగా విడదీసి చిన్న చిన్న భాగాల్లోనే ఆడించాలని దేశమంతటికీ నియమం పెట్టారు. తర్వాత యూ-9కీ సగం మైదానం ఆట తెచ్చారు. అప్పట్లో తల్లిదండ్రులు చాలామంది గొణిగారు. మా పిల్లాడు నిజమైన హాకీ ఎప్పుడు ఆడతాడు అని అడిగారు. కానీ మంచు అంచున నిలబడి చూసినవాళ్లకు ఫలితం కళ్లెదుటే కనిపించింది. పెద్ద మైదానంలో స్కేటింగ్ బాగా వచ్చిన ఒక్క పిల్లాడే పక్ అనే రబ్బరు బిళ్ల పట్టుకుని ఆ చివరికి పోతుంటే మిగతావాళ్లు వాడి వెనకాల తిరిగేవారు. చిన్న మైదానంలో పక్ ప్రతి పిల్ల కర్రకూ తగులుతుంది. మూలలో ఇద్దరు ముగ్గురు పెనుగులాడుతారు. పడతారు, లేస్తారు, మళ్లీ అందుకుంటారు. పిల్లకు తగ్గ ఆట ఇవ్వాలే తప్ప ఆటకు తగ్గ పిల్లను వెతకకూడదని మీరు అప్పుడు ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు తొమ్మిదో ఏట ఆగిపోవడం నాకు అర్థం కాలేదు.

ట్రైఅవుట్ నాడు ఏం జరుగుతుందో బల్ల ఇవతలి నుంచి చెబుతాను. పిల్ల వచ్చి పేరు చెబుతుంది. జాబితాలో టిక్కు పెట్టి, నంబరు వేసిన పల్చటి పై జెర్సీ ఒకటి ఇస్తాం. పిన్నీ అంటాం దాన్ని. వచ్చిన వరసనే నంబర్లు. ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు పిల్లలు ఒకరి వెనక ఒకరు నిలబడతారు. ఫిబ్రవరిలో పుట్టినవాడికి పిన్నీ భుజాల దగ్గర బిగుతుగా ఉంటుంది. నవంబరులో పుట్టినవాడికి మోకాళ్ల దాకా వేలాడుతుంటే వాళ్లమ్మ దాన్ని ప్యాంటులోకి దోపుతుంది. ఇద్దరికీ మధ్య తొమ్మిది నెలల తేడా. తొమ్మిదేళ్ల పిల్లల జీవితంలో అది చిన్న తేడా కాదు. పైన స్టాండులో కూర్చుని మార్కులు వేసేవాళ్లకు ఆ తొమ్మిది నెలలు కనిపించవు. వాళ్ల కాగితం మీద నంబర్లు తప్ప ఏమీ ఉండవు. వాళ్లకు కనిపించేదల్లా వేగం, బలం, మంచు చుట్టూ ఉండే బోర్డుల దగ్గర ఎవరు ఎవరిని తోసేశారు అన్నది. ఆ రాత్రి ఎంపికైనవాళ్ల నంబర్లు వెబ్‌సైట్‌లో పెడతారు. పేర్లు ఉండవు. నిద్ర మానుకుని కూర్చున్న పిల్ల ఫోన్ తెరను పైకీ కిందకీ జరుపుతూ తన నంబరు కోసం వెతుక్కుంటుంది. లేకపోతే అంతే. ఎందుకు లేదో చెప్పేవాళ్లుండరు.

ఇందులో ఉన్న పొరపాటు మీకు కొత్త సంగతి కాదు. దాన్ని లోకానికి చాటింది మీ దేశంలోనే, మీ ఆటలోనే. 1980ల మొదట్లో ఆల్బర్టాలోని లెత్‌బ్రిడ్జ్‌లో రోజర్ బార్న్‌స్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కుటుంబంతో కలిసి లెత్‌బ్రిడ్జ్ బ్రాంకోస్ జట్టు మ్యాచ్ చూడడానికి వెళ్లాడు. ఆయన భార్య పౌలా చేతిలోని ప్రోగ్రాం తిరగేస్తూ ఆటగాళ్ల పుట్టిన తేదీలు చూసింది. జనవరి, ఫిబ్రవరి, మార్చి. మళ్లీ జనవరి, ఫిబ్రవరి. ఇంటికొచ్చి మరిన్ని జట్ల జాబితాలు తీస్తే అక్కడా అదే వరస. 1985లో వాళ్లు సహచరుడు థాంప్సన్‌తో కలిసి దీనిమీద పత్రం ప్రచురించారు. 2008లో మాల్కమ్ గ్లాడ్‌వెల్ తన పుస్తకంలో రాశాక ఊరూరా అందరి నోటా పడింది. నలభై ఏళ్లు గడిచాయి. మా అరీనాలో నంబర్లు ఇప్పటికీ వచ్చిన వరసలోనే పంచుతున్నాం.

ఇది పుట్టిన నెల అదృష్టంతో ఆగిపోతే నేను లేఖ రాసేదాన్ని కాదు. ఎంపిక అయిన మర్నాటి నుంచి జరిగేదే అసలు అన్యాయం. ట్రిపుల్ ఏ పిల్లకు వారానికి మూడు నాలుగుసార్లు మంచు దొరుకుతుంది. జీతం తీసుకునే కోచ్, స్కేటింగ్ నేర్పడానికి వేరే మనిషి, గోలీలకు వేరే శిక్షణ ఉంటాయి. హౌస్ లీగ్ పిల్లకు వారానికి ఒక మ్యాచ్, ఒక సాధన. దయగల తండ్రి ఎవరైనా తన పని మానుకొచ్చి ఈల పట్టుకుంటే అదే కోచింగ్. మొదటి రోజు కొన్ని నెలల వయసు తేడాగా ఉన్నది మూడేళ్లు తిరిగేసరికి నిజమైన ఆట తేడా అవుతుంది. అప్పుడు స్టాండులో కూర్చున్నవాళ్లు, "చూశారా, మేం ఎంచుకున్నవాళ్లే బాగా ఆడుతున్నారు" అంటారు. అబద్ధం కాదు, వాళ్లు బాగానే ఆడుతున్నారు. మొలకెత్తిన వారానికే ఎత్తు కొలిచి, పొట్టి మొక్కలకు నీళ్లు ఆపేసే రైతును మా ఖమ్మం వైపు ఎక్కడా చూడలేదు నేను.

పోనీ, ఇంత ఖరీదు కట్టి ఎంచుకున్నందుకు ఆటకైనా మేలు జరిగిందా? 1980 నుంచి పాతికేళ్లకు పైగా వృత్తి హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (జట్లు కుర్రాళ్లను ఎంచుకునే వార్షిక కార్యక్రమంలో) ఎంపికైన కెనడా కుర్రాళ్లను డీనర్, లోవెన్, కోబ్లీ అనే పరిశోధకులు లెక్కతీసి 2013లో ప్రచురించారు. నూటికి 36 మంది జనవరి నుంచి మార్చిలోపు పుట్టినవాళ్లు. అక్టోబరు నుంచి డిసెంబరులోపు పుట్టినవాళ్లు 15 మంది కూడా లేరు. అయితే డ్రాఫ్ట్‌లో దాదాపు ఒకే స్థానంలో తీసుకున్నవాళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే, ఎన్‌హెచ్‌ఎల్‌లో 400 మ్యాచ్‌లు ఆడడమో 200 పాయింట్లు సాధించడమో చేసే అవకాశం ఏడాది రెండో సగంలో పుట్టినవాళ్లకు దాదాపు రెట్టింపు ఉంది. అంటే ప్రపంచంలోకెల్లా కఠినమైన లీగ్‌కు ఆటగాళ్లను వెతకడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు కూడా పద్దెనిమిదేళ్ల కుర్రాళ్ల దగ్గర పెద్దవాళ్లకు ఎక్కువ వెల కట్టారు, చిన్నవాళ్లకు తక్కువ కట్టారు. అలాంటప్పుడు ఒక శనివారం మధ్యాహ్నం స్టాండులో కూర్చున్న వాలంటీరు తొమ్మిదేళ్ల పిల్లలను సరిగ్గా అంచనా వేస్తాడని ఎలా నమ్మాలి?

ఈ పొరపాటుకు పైసా ఖర్చు లేని మందు ఒకటుంది. 2017లో నెదర్లాండ్స్ పరిశోధకులు డేవిడ్ మన్, వాన్ గిన్నెకెన్ ఆటగాళ్లను వెతికే ఫుట్‌బాల్ స్కౌట్లతో ఒక ప్రయోగం చేశారు. పిల్లల పుట్టిన తేదీలు కాగితం మీద రాసి ఇచ్చినా పెద్దపిల్లల పట్ల స్కౌట్ల పక్షపాతం పోలేదు. జెర్సీ నంబర్లను వయసు వరసలో వేసి, ఆ సంగతి స్కౌట్లకు ముందే చెప్పినప్పుడు పోయింది. ఆటను చూస్తున్న కంటికే ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది తెలుస్తోంది కదా. నేను బల్ల దగ్గర పంచే పిన్నీలతోనే ఇది చేయొచ్చు. కొత్త కమిటీ వేయనక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు. మీరు ఒక సర్క్యులర్ పంపితే చాలు.

నంబర్ల వరస మారిస్తే సగం దూరమే వెళ్తాం. మిగతా సగం ట్రైఅవుట్లు పెట్టే కాలంలో ఉంది. మా దగ్గర పెద్ద మెట్ల ట్రైఅవుట్లు వసంతంలో జరుగుతాయి. సీజన్ చివరి మ్యాచ్ అయ్యి బ్యాగు ఆరకముందే వచ్చే సీజన్ జట్టు ఖాయమైపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎంపికైన జట్టు మంచు మీద దిగేది శరదృతువులో. ఆ మధ్యలో పిల్లలు ఎంత ఎదుగుతారో ఏ తల్లినైనా అడగండి, కొన్న బూట్ల సైజులు చెబుతుంది. పైగా ఈ తొందర వల్ల వేసవి పాడైపోతోంది. సాకర్‌కో లాక్రాస్‌కో ఈతకో పోవాల్సిన పిల్లలు స్ప్రింగ్ హాకీకీ, కోచ్‌ల కంట పడడానికి పెట్టే ప్రైవేటు స్కేట్లకీ పోతున్నారు. అన్ని ఆటలూ ఆడిన పిల్లే మంచి హాకీ ప్లేయర్ అవుతుందని చెప్పేది మీరే. కోచ్‌లకు మీరు నేర్పే దీర్ఘకాల అభివృద్ధి నమూనాలో తొమ్మిది పదేళ్లను ఆడడం నేర్చుకునే దశగా, పదకొండు పన్నెండేళ్లను సాధన చేయడం నేర్చుకునే దశగా పెట్టారు. ఆ దశల్లోనే పిల్లలకు వసంతకాలపు పరీక్ష పెట్టడానికి మీ సభ్య సంస్థలను అనుమతిస్తున్నారు.

ఒక విషయం చెప్పకుండా ఉండలేను. మేం ఒకసారి మా పెద్దవాణ్ని ఒక క్లబ్బు ట్రైఅవుట్‌కు తీసుకెళ్లాం. క్లబ్బు పేరు ఇక్కడ అనవసరం. రుసుము కట్టాం. నలభై మందికి పైగా పిల్లలు వచ్చారు. పదిహేను మంది స్కేటర్లు, ఇద్దరు గోలీలు ఉండే జట్టు అది. పాత జట్టు పిల్లలు అంతా తిరిగి వస్తున్నారని, బయటివాళ్లతోనూ చలికాలంలోనే మాటలైపోయాయని, నిజంగా ఖాళీ ఉన్నది ఒకటో రెండో చోట్లని తర్వాత డ్రెస్సింగ్ రూం బయట ఇంకో తండ్రి చెప్పాడు. మిగతా పిల్లలంతా లేని చోటు కోసం ప్రాణం పెట్టి స్కేట్ చేశారు. వాళ్ల తల్లిదండ్రులు దానికి డబ్బు కట్టారు. రుసుము తీసుకోవడానికి ముందే ఎన్ని చోట్లు ఖాళీగా ఉన్నాయో ప్రతి క్లబ్బూ రాతపూర్వకంగా ప్రకటించాలని మీరు నియమం పెట్టండి. నిజాయతీగా నడిచే క్లబ్బులకు దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు.

అలాగే, ట్రైఅవుట్‌కు వచ్చిన ప్రతి పిల్లకూ రెండు వాక్యాల రాత ఇవ్వాలి. ఏం బాగుంది, ఏం నేర్చుకోవాలి. "వెనక్కి స్కేట్ చేసేటప్పుడు మోకాళ్లు ఇంకా వంచాలి, పాస్ ఇచ్చాక ఆగిపోకుండా కదలాలి" అని రాసినా చాలు, ఆ పిల్లకు ఒక వేసవికి సరిపడా పని దొరుకుతుంది. స్టాండులో కూర్చుని గంటసేపు మార్కులు వేసినవాళ్ల దగ్గర ఈ మాత్రం రాయడానికి సమాచారం లేకపోతే వాళ్లు దేన్ని చూసి మార్కులు వేసినట్టు?

మీ సభ్య సంస్థల నుంచి రెండు అభ్యంతరాలు వస్తాయని నాకు తెలుసు. మొదటిది, బాగా ఆడే పిల్లకు పోటీ లేకపోతే ఎదుగుదల ఆగిపోతుందని. నిజమే, వాళ్లనూ ఎదగనివ్వాలి. యూ-11 దాకా శాశ్వత జట్లు కట్టకుండా సాధనలో గుంపులు చేయండి. ఏడాదిలో రెండు మూడుసార్లు వాటిని కలిపి మళ్లీ విడదీయండి. ప్రతి గుంపుకూ మంచు గంటలు సమానంగా ఇవ్వండి. చురుకైన పిల్ల తన సాటివాళ్లతో తలపడుతుంది, నవంబరులో పుట్టిన పిల్లకు క్రిస్మస్ తర్వాత మరో అవకాశం ఉంటుంది. రెండో అభ్యంతరం దీనికన్నా గట్టిది. మనం ట్రిపుల్ ఏ తీసేస్తే, మన గుర్తింపు లేని ప్రైవేటు లీగులు మర్నాడే దాన్ని పెడతాయి, తల్లిదండ్రులు అటే పోతారు అంటారు. కొందరు పోతారు. ఆశతో పోయేవాళ్లను నేను తప్పు పట్టను. కానీ సొమ్ము చేసుకునేవాడు ఏం అమ్ముతాడో చూసి దేశం మొత్తానికీ పెద్ద దిక్కుగా ఉన్న సంస్థ తన నియమాలు రాసుకోకూడదు. 2013లో యూ-13 నుంచి బాడీ చెకింగ్ (ఎదుటివాళ్లను ఒంటితో ఢీకొట్టడం) తీసేసినప్పుడు కూడా ఇలాంటి భయాలే వినిపించాయి. ఆటలో పస పోతుందన్నారు, పిల్లలు మెత్తబడతారన్నారు. ఆల్బర్టా, క్విబెక్ పిల్లలను పోల్చి కాల్గరీకి చెందిన కెరొలిన్ ఎమెరీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం మీ ముందుంది. చెకింగ్ అనుమతించిన చోట పదకొండు పన్నెండేళ్ల పిల్లలకు తలకు దెబ్బలు మూడు రెట్లకు పైగా తగులుతున్నాయని అది తేల్చింది. సాక్ష్యం చూసి మీరు ధైర్యం చేశారు. ఎన్నో కుటుంబాలు అందుకు మీకు రుణపడి ఉన్నాయి. పుట్టిన నెలల సాక్ష్యం అంతకన్నా పాతది.

బయటి దేశం ఉదాహరణ ఒకటి చెబుతాను. నార్వే 1987లో పిల్లల క్రీడా హక్కులను ఆమోదించింది, 2007లో సవరించింది. పదకొండేళ్ల లోపు పిల్లల పోటీల్లో ర్యాంకుల పట్టికలు ఉండకూడదు. పదమూడేళ్ల లోపు పిల్లలకు జాతీయ చాంపియన్‌షిప్పులు లేవు. హాకీలో నార్వే మనంత దేశం కాదు, నిజమే. కానీ 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో అందరికన్నా ఎక్కువగా 16 స్వర్ణాలు గెలిచింది ఆ యాభై నాలుగు లక్షల మంది దేశమే. పిల్లలను ఆలస్యంగా లెక్కించడం వల్ల వాళ్ల పెద్దవాళ్లు బలహీనపడలేదు.

ఎంపిక కాకపోయినా ఎన్‌హెచ్‌ఎల్‌కు చేరిన మార్టిన్ సెయింట్ లూయీ కథ మీకు నేను చెప్పనక్కర్లేదు. అయిదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి. ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో తీసుకోలేదు. 2004లో స్టాన్లీ కప్పు గెలిచాడు, 2018లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు. మా దక్షిణాసియా ఇళ్లలో అర్ష్‌దీప్ బైన్స్ పేరు వింటే పిల్లలు తలెత్తి చూస్తారు. సర్రేలో పెరిగిన ఆ కుర్రాణ్నీ ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. 2021-22లో వెస్టర్న్ హాకీ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు కొట్టి, 2024లో వాంకూవర్ తరఫున ఎన్‌హెచ్‌ఎల్ మంచు మీద అడుగుపెట్టాడు. ఎంపిక కాని పిల్లలను ఊరడించడానికి కోచ్‌లు ఇలాంటి పేర్లు చెబుతారు. పిల్లలకు అవి కావాలి, చెప్పండి. కానీ ఈ ఇద్దరూ మానకుండా ఆడుతూ ఉన్నారు కాబట్టి మనకు తెలిశారు. పదకొండో ఏట స్కేట్లు గ్యారేజీలో మేకుకు తగిలించేసిన పిల్లల్లో ఎవరెవరున్నారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధిస్తుంది. వాళ్లందరూ ఎన్‌హెచ్‌ఎల్‌కు పోవాలని నేను అనడం లేదు. మా చిన్నవాడు నవంబరులో పుట్టాడు. వాడు పోతాడనీ అనుకోను. పదహారేళ్లకు కూడా శుక్రవారం సాయంత్రం స్నేహితులతో మంచు మీద ఉండాలన్నది నా కోరిక. పిల్లలు కౌమారంలోకి వస్తున్న రోజుల్లో వాళ్లను పట్టి ఉంచే చోటు ఏదైనా ఉందంటే అది ఇంటికి ఎంత మేలో మీలో పిల్లలున్నవాళ్లకు తెలుసు.

పై మెట్ల మీద దారులు వెడల్పవుతున్నాయి. కెనడా జూనియర్ లీగుల్లో ఆడినవాళ్లకు అమెరికా కాలేజీ హాకీ తలుపులు 2025 ఆగస్టు నుంచి తెరుచుకున్నాయి. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు ఇంకొన్నేళ్లు ఎదగడానికి సమయం దొరికింది. అలాంటి సమయం తొమ్మిదేళ్ల పిల్లకు అంతకన్నా ఎక్కువ కావాలి.

కాబట్టి మీ రాబోయే సభ్యుల సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు పెట్టండి. యూ-11 దాకా మెట్ల జట్లు వద్దు, యూ-13లో సీజన్ మధ్యలో మళ్లీ చూసే అవకాశం ఉండాలి, ఎంపికలు బడులు తెరిచాక సెప్టెంబరులో జరగాలి. ఒకేసారి దేశమంతా కుదరదంటే రెండు మూడు ప్రాంతాల్లో మొదలుపెట్టి చూడండి. ఆటలో మిగిలిన పిల్లల లెక్కను పుట్టిన నెలలతో సహా ఏటా ప్రచురించండి. నమోదు పత్రాల్లో పుట్టిన తేదీలన్నీ మీ దగ్గరే ఉన్నాయి.

ఈ లోపల చిన్న పని ఒకటి అడుగుతాను. ఈసారి ట్రైఅవుట్లకు ముందే పిన్నీలను పుట్టిన తేదీల వరసలో పంచమని, ఆ సంగతి మార్కులు వేసేవాళ్లకు చెప్పమని మా సంఘాలకు ఉత్తరం పంపండి. జాబితాను ముందు రోజు రాత్రి తేదీల వారీగా సర్దే పని నేను చేస్తాను. మా అరీనాలో బల్ల దగ్గర ఎలాగూ నేనే ఉంటాను.

ఇట్లు,
బ్రాంప్టన్ నుంచి ఒక హాకీ తల్లి